మూల లేని ఇల్లు

టేపు కొక్కెం తగిలించడానికి
మూల కోసం వెతికాను.
గోడ వెంట చెయ్యి రాసుకుంటూ పోతే
మళ్ళీ నా చెప్పుల దగ్గరికే వచ్చాను.

గడపలో ఎండురొయ్యలు చెరుగుతున్న
గనగళ్ల దానమ్మ నవ్వింది.
"ఏటెతుకుతున్నావు గుంటా?
ఈ ఇంటికి మూల్నేదు.
అందుకే నన్నింకా
మూలన కూకోబెట్టనేదు."

భావనపాడు దాటాక ఇసకలో
ఇలాంటి చుట్టిళ్లు ఐదే మిగిలాయి.
తాటాకు చూరు నడుందాకా దిగి ఉంటుంది.
ఎంతటివాడైనా వంగాల్సిందే,
మా ప్రొఫెసరొచ్చినా.
నేను రెండుసార్లు మర్చిపోయి
దాని ఎత్తు నుదుటిమీద రాయించుకున్నాను.

లోపల, మే నెల మధ్యాహ్నం,
కుండలో దాచినట్టు చీకటి.
థర్మామీటరు ముప్పైఒకటి దగ్గర ఆగింది.
బయట ముప్పైతొమ్మిది.
ఈ ఎనిమిది డిగ్రీలకి
ఎవరూ కరెంటు బిల్లు కట్టలేదని
పెద్ద అక్షరాలతో రాసుకున్నాను.
మట్టి, పేడ, తాటి దూలం, సరుగుడు వాసం
అన్నీ పిలిస్తే పలికేంత దూరంలోవే.

మా నాన్న సెంట్రింగు మేస్త్రీ.
విజయనగరంలో, దాసన్నపేట నుంచి కంటోన్మెంటు దాకా
ఆయన రేకులు మొయ్యని స్లాబు తక్కువ.
చిన్నప్పుడు క్యారేజీ పట్టుకెళ్తే
తడి స్లాబు కింద సరుగుడు బాదుల అడవి,
నీళ్ళు చుక్కచుక్కగా కారుతూ.
ఇల్లంటే నాకు మొదట అదే.
బాదులు తీసేసిన రోజు ఏడ్చానట,
ఇల్లు పీకేస్తున్నారని.
నా ఫీజు, లాప్‌టాపు, ఈ లేజరు మీటరు
సిమెంటులోంచి వచ్చినవే.
ప్రాజెక్టుకి "సిమెంటు లేని ఇల్లు" అని పేరు పెట్టిన సంగతి
ఇంట్లో చెప్పలేదు.

"మీ ఆయన ఇంత గుండ్రంగా ఎలా గీశాడు?"
దానమ్మ వలతాడు కొస నా వేలికి చుట్టింది.
"నువ్వు గూటానివి. కదలకు."
రెండో కొస పట్టుకుని, వంగిన నడుంతో,
బొటనవేలు ఇసకలో ఈడుస్తూ
నా చుట్టూ తిరిగొచ్చింది.
ఒకచోట దగ్గొచ్చి ఆగింది.
అక్కడ గీత కొంచెం లోపలికి పోయింది.
నా కాగితం మీద కూడా
అలాగే ఉంచాను.

కోడలు కోదండమ్మ బిందె దించింది.
"అన్నీ రాసుకున్నావా? ఇదీ రాయి.
రెండేళ్లకోపాలి ఆకు మార్చాల.
కప్పేవోడు టెక్కలెల్లి బతిమాల్తే గానీ రాడు.
తేలొస్తాది. పామొస్తాది.
తిత్లీ తుపాను రాత్రి మేమెక్కడున్నామో తెలుసా?
సూరాడోలింట్లో. స్లాబింట్లో.
పొద్దున్నొచ్చి సూత్తే గోడుంది, కప్పు నేదు.
మాకు మేడే కావాల.
నువ్వు గీసుకుంటావు. నువ్వుండవు కదా."

ఆ మాటకి నా ఫారంలో గడి లేదు.
అడుగున, మార్జిను దాటి రాశాను.
దానమ్మ రొయ్యపొట్టు ఊదుకుంటూ
ఎవరి పక్షమూ మాట్లాడలేదు.

రాత్రి మా మేడమీద
పగలంతా తాగిన ఎండని స్లాబు
చాపలోంచి నా వీపుకి అప్పజెపుతోంది.
నాన్న రెండు బకెట్ల నీళ్ళు చల్లి
షీటు తీసుకుని ఫోను వెలుగులో పట్టాడు.
పేరు చదివాడు.
చదివి, లుంగీ ఎగ్గట్టి, కూర్చున్నాడు.
కింద వీధిలో ఐసుబండి వెళ్లిపోయేదాకా
ఏమీ అనలేదు.

తర్వాత అడిగాడు,
"కప్పు ఎగిరిపోయిందంటున్నావు.
గోడ నెత్తిమీద బెల్టేసారా?"
లేదన్నాను.
"మరి వాసాల్ని ఏటి పట్టుకుంటాది?
ఆకుననేం లాభం."

వెదురుతో వెయ్యొచ్చా అన్నాను.
తెలీదన్నాడు.
ముప్పై ఏళ్లలో ఆయన నోట
ఇంటి గురించి ఆ మాట
నేనైతే వినలేదు.

జేబులోంచి బైండింగు వైరు తీసి
దానమ్మ గీసిన గుండ్రం మీద,
దగ్గు దగ్గర లోపలికి పోయిన చోటుతో సహా,
వంచి పెట్టాడు.
రెండు కొసలూ ఇంకా కలవలేదు.
ప్లేరు కోసం చీకట్లో తడుముతున్నాడు.